వికీ: పాతమాటను పారవేయని యంత్రము

విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద కలిసికొను రెండు జాతీయ రహదారులకు ఒకప్పుడు 5, 9 అను సంఖ్యలుండెడివి. 2010లో దేశమంతట రహదారులకు క్రొత్త సంఖ్యలు నిర్ణయింపబడినప్పుడు అవి 16, 65 అయినవి. 2020లో కూడలిమీదుగా మొదటి పైవంతెనయు, పిమ్మట రెండవదియు వెలసినవి. అనగా ఈ కూడలిని గూర్చి 2009లో వ్రాసిన నిర్దుష్టమైన వాక్యము నేడు దిద్దవలసినదై యున్నది. దిద్దువారెవరు? దిద్దినవారే పొరపడినచో, లేక దురుద్దేశముతో చెఱిచినచో, తొలి వాక్యమెక్కడ దొరకును? ఈ ప్రశ్నలకు సమాధానముగా పెరిగినదే వికీ. ఇనుముతో గాక ఆజ్ఞావళితో నిర్మితమైనను దానిని యంత్రమనుటకు నేను సంకోచింపను.

1995 మార్చి 25న అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అను ప్రోగ్రామరు, తనవంటివారు తమ వృత్తిమర్మములను ఒకచోట వ్రాసికొనుటకై, చదువువారే దిద్దగల పుటలను కల్పించెను. 2001 జనవరి 15న వికీపీడియా ఆ పద్ధతిమీదనే పుట్టినది. అప్పటికి దానిని నడపిన యూజ్‌మాడ్ అను సాఫ్ట్‌వేరు పూర్వప్రతులను కొంతకాలముంచి తుడిచివేయుచుండెను. 2002లో మాగ్నస్ మాన్‌స్కె అను జర్మను విద్యార్థి డేటాబేసును ఆధారముగా గొని వ్రాసిన సాఫ్ట్‌వేరును లీ డేనియల్ క్రాకర్ తిరుగవ్రాయగా, అదియే తరువాత మీడియావికీ అను పేరు వహించెను. దీనియందు మార్పును భద్రపరచిన ప్రతిసారియు పుటయొక్క సంపూర్ణమైన క్రొత్తప్రతి, దినము, వేళ, వాడుకరి పేరు సహితముగా నిక్షిప్తమగును. ఏ రెండు ప్రతులనైనను ప్రక్కప్రక్కనుంచి భేదములను చూడవచ్చును. పాతదానిని పునరుద్ధరించుటయు మరియొక క్రొత్తప్రతిగానే నమోదగును గనుక, చెఱిచినవాని చేతివ్రాతయు చరిత్రలో నిలిచియుండును. చెఱుచుటకు పట్టిన శ్రమకంటె బాగుచేయుటకు పట్టు శ్రమ తక్కువ. అపరిచితుల నడుమ విశ్వాసమునకు ఇంతకంటె దృఢమైన పునాదిని ఇంటర్నెట్టులో నేనెరుగను.

తెలుగునకు ఈ యంత్రము 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో లభించినది. ఆనాడు మన పత్రికలు వెబ్‌లో తమతమ ఫాంట్లకే లోబడిన సంకేతములను వాడుచుండుటచే, ఒకచోటి అక్షరము మరియొకచోట అర్థరహితమగుచుండెను. యూనికోడు తెలుగునకు 128 స్థానముల ప్రత్యేకఖండమును కేటాయించియున్నను, దానిని వాడువారు అరుదు. ఆ ఫాంట్ల వ్రాతను యూనికోడులోనికి మార్చు 'పద్మ'ను సైతము నాగార్జునయే రూపొందించెను. 2006లో వీవెన్ కల్పించిన 'లేఖిని' ఆంగ్లాక్షరముల మీటలతోనే తెలుగు వ్రాయు సౌలభ్యము నొసగెను. పిమ్మట మండలములకును గ్రామములకును పుటలు మొలచినవి. అనేకములు ఒకటి రెండు వాక్యముల 'మొలకలు' మాత్రమే. అభిప్రాయభేదములు 'రచ్చబండ'లో చర్చకు వచ్చెడివి. తెరమీది పేర్లుగా మాత్రమే పరస్పరము తెలిసిన వాడుకరులు పలువురు 2014 ఫిబ్రవరిలో, దశాబ్ది ఉత్సవముల సందర్భమున, విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో ముఖాముఖి కలిసికొనిరి. నేడు వ్యాసములు లక్షకు పైబడినవి.

వికీకి భిన్నముగా, వ్యాపారసంస్థల సామాజిక మాధ్యమములలో ఎవరి మాట ఎవరికి ముందు కనబడవలెనో సంస్థయొక్క గణనసూత్రము నిర్ణయించును. పాఠకుని దృష్టిని ప్రకటనకర్తకు అమ్ముటయే ఆ నిర్ణయమునకు మూలము. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ప్రజలు ఆ మాధ్యమములలో వ్రాసికొన్న మాటలు ఆనాటికి ప్రాణోపకారములే యైనను, దినములు గడచినకొలదిని క్రొత్తవాని అడుగున పడిపోయినవి. ఒక వీధిలో నీరెంత ఎత్తున నిలిచెనో నేడు వానిలో వెదకి కనుగొనుట దుస్సాధ్యము. వికీకి వేగము తక్కువ. అది వాక్యమునకు ఆధారమడుగును, చర్చకు పిలుచును. ఆ మాంద్యమునే నేను దాని సుగుణముగా నెంచుచున్నాను.

వికీపీడియాను పోషించు వికీమీడియా ఫౌండేషను విరాళములపై నడచును, పుటలలో ప్రకటనలుండవు. రచయితలను పేర్కొని, ఇందలి పాఠ్యమును దాని లైసెన్సు నిబంధనలకే లోబడి ఎవరైనను వాడుకొనవచ్చును. సమస్తపుటల ప్రతిని డంపులుగా ఎప్పటికప్పుడు వెలువరించుచుందురు, మీడియావికీయు ఉచితమే. కావున కృష్ణాతీరమందలి ఒక కళాశాల తెలుగు వికీపీడియా నంతటిని తన సొంత సర్వరుపై నిలుపుకొనదలచినచో, ఎవరి అనుమతియు అక్కరలేదు.