ఆరు తీగల కింద అయస్కాంతం

ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద ఉండే పికప్‌ను చిన్న మైకు అనుకునేవాళ్లు చాలామంది. మైకు గాలిలోని కదలికను పట్టుకుంటుంది. పికప్‌కు గాలితో పని లేదు. నైలాన్ తీగలు కట్టి ఎంత మీటినా అది పలకదు, దానికి ఉక్కు తీగ కావాలి. పికప్‌లోని అయస్కాంతం తన పైనున్న ఉక్కు తీగను కూడా కొద్దిగా అయస్కాంతంగా మారుస్తుంది. తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది. క్షేత్రం మారితే చుట్టూ చుట్టిన రాగి వైరులో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఇది. జనరేటర్లు కరెంటు పుట్టించేదీ దీనితోనే.

ఇంత తెలిసినా, దాన్ని గిటారుకు బిగించడానికి మరో వందేళ్లు పట్టింది. 1920లలో అమెరికా డాన్సు హాళ్లలో ట్రంపెట్లు, సాక్సఫోన్లు, డ్రమ్ముల మధ్య గిటారు ఎవరికీ వినిపించేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో హవాయి గిటారు వాయించే జార్జ్ బీచమ్‌కు ఇదే బాధ. ముందు గిటారు లోపల అల్యూమినియం రెజొనేటర్లు పెట్టే దారి తొక్కాడు. శబ్దం పెరిగింది కానీ చాలలేదు. దాంతో గ్రామఫోను పికప్‌ను విప్పి, అందులోని కిటుకును గిటారు తీగకు పట్టించే పనిలో పడ్డాడు. 1931లో హ్యారీ వాట్సన్ అనే పనివాడు చెక్కతో ఒక గిటారు మలిచాడు. గుండ్రటి చిన్న ఒళ్లు, పొడుగాటి మెడ. చూసినవాళ్లు దానికి ‘ఫ్రైయింగ్ పాన్’ అని పేరు పెట్టారు. లాడం ఆకారపు రెండు అయస్కాంతాలు తీగలను కింద నుంచీ పై నుంచీ చుట్టుకుని ఉండేవి. అడాల్ఫ్ రికెన్‌బాకర్ భాగస్వామిగా 1932 నుంచి దాన్ని అల్యూమినియంతో పోత పోసి అమ్మారు.

పేటెంటు ఆఫీసువాళ్లకు మాత్రం ఇది నిజంగా వాయించదగ్గ వాయిద్యమేనా అని అనుమానం. ఆ అనుమానం తీర్చడానికి సోల్ హూపీ అనే హవాయి గిటారు విద్వాంసుడితో పాటు మరికొందరిని వాషింగ్టన్ పంపి, అధికారుల ఎదుటే వాయించి వినిపించారు. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 ఆగస్టు అయింది. అప్పటికే గిబ్సన్ కంపెనీ ఇఎస్-150 గిటారును బజారులోకి తెచ్చింది.

పికప్‌లో చుట్టే వైరు మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుకంత. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్‌లో అలాంటి వైరును దాదాపు 8,000 చుట్లు చుడతారు. విప్పి పరిస్తే కిలోమీటరు దాకా వస్తుంది. మన ఊళ్లలో పంపుసెట్ల మోటార్లు రీవైండింగ్ చేసేవారు వాడేదీ ఎనామెల్ పూసిన రాగి వైరే, కాకపోతే చాలా లావు. చుట్లు పెరిగితే శబ్దం బలంగా, మందంగా వస్తుంది. తగ్గితే పలచగా, గంట మోగినట్టు స్పష్టంగా ఉంటుంది. గిటారు గొంతును చాలావరకు తేల్చేది ఈ వైరు చుట్టలే.

ఇబ్బంది కూడా వాటితోనే. అన్ని చుట్లున్న కాయిల్ తీగల కదలికను మాత్రమే కాదు, ఇంట్లోని ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులైట్లు, కరెంటు వైర్ల చుట్టూ ఉండే క్షేత్రాన్నీ అందుకుంటుంది. అందుకే ఆంప్లిఫయర్‌లో గుంయ్‌మని ఆగని రొద. దీనికి విరుగుడు చెప్పినవాడు గిబ్సన్ ఇంజనీరు సెథ్ లవర్. రెండు కాయిళ్లను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని రెండోదానికి వ్యతిరేకంగా కలిపాడు. బయటి రొద రెండింటిలోనూ ఒకేలా పుడుతుంది కాబట్టి ఎదురెదురుగా కలిసి రద్దయిపోతుంది. మరి పాట కూడా రద్దు కావాలి కదా? కాకుండా రెండో కాయిల్‌కు అయస్కాంత ధ్రువాన్ని కూడా తిప్పేశాడు. రెండుసార్లు తిరగబడిన తీగ శబ్దం మళ్లీ ఒకే దిశలోకి వచ్చి రెండూ కూడుకుంటాయి. ఈ రెండు కాయిళ్ల పికప్పే హంబకర్. ఇంత తక్కువ సామానుతో ఇంత చక్కటి పరిష్కారం ఎలక్ట్రానిక్స్‌లో అరుదు. 1955లో దరఖాస్తు చేస్తే 1959లో పేటెంటు వచ్చింది. ఆ కాలంలో తయారైన చాలా పికప్‌ల అడుగున ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అన్న చీటీ అంటించేవారు. ఇవాళ పాత గిటార్లు సేకరించేవాళ్లు ఆ చీటీ కోసమే వెతుకుతారు.

1972లో లారీ డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’ పేరుతో, పాతది తీసి ఆ చోట బిగించుకునే పికప్ అమ్మడం మొదలుపెట్టాడు. నాలుగేళ్లకు కాలిఫోర్నియాలో సేమూర్ డంకన్ కంపెనీ వచ్చింది. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ గిబ్సన్ ఇఎస్-335 నుంచి తీసిన పికప్‌ను స్ట్రాటోకాస్టర్ రకం చెక్కలో ఇరికించి, మిగతా వైరింగంతా వదిలేసి ఒక్క వాల్యూమ్ నాబ్‌కు కలిపాడు. వదులు చుట్లు కీచుమనకుండా పికప్‌ను కరిగిన మైనంలో ముంచాడు. 1978లో వచ్చిన అతని బృందం తొలి ఆల్బమ్ రాక్ గిటారు నాదాన్నే మార్చేసింది. ఏ పికప్ పలకాలో ఎంచుకునే స్ట్రాటోకాస్టర్ స్విచ్చి సంగతీ ఇంతే. 1954లో దానికి మూడు స్థానాలే. వాయించేవాళ్లు దాన్ని రెండు స్థానాల మధ్య నిలిపి కొత్త శబ్దం రాబట్టుకున్నారు. 1977లో ఫెండర్ కంపెనీయే ఐదు స్థానాల స్విచ్చి పెట్టింది. మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌కు జంట తీగలు మానేసి ఐదు ఒంటి తీగలు కట్టుకుని, పికప్ సాయంతో కర్ణాటక సంగీత గమకాలు పలికించారు. మామూలు మాండలిన్ నాదం మీటిన వెంటనే ఆరిపోతుంది. గమకానికి అది నిలవాలి. పికప్ చరిత్రలో సగం ఫ్యాక్టరీలది, సగం ఇలా వాయించేవాళ్లది అంటాను నేను.

ఆ రెండో సగంలో చేరడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ వైరు, మల్టీమీటర్, స్క్రూడ్రైవర్ చాలు. విప్పే ముందు పాత వైరింగ్‌ను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త పికప్ రెండు కొసలకు మల్టీమీటర్ పెడితే సింగిల్ కాయిల్‌కు సుమారు 6 కిలో ఓములు, హంబకర్‌కు 8 చుట్టుపక్కల చూపాలి. అసలేమీ చూపకపోతే లోపల వైరు తెగినట్టు. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోల్, హంబకర్‌కు 500 వాడటం ఆనవాయితీ. విలువ తగ్గేకొద్దీ పైస్వరాల పదును తగ్గుతుంది. ఎర్త్ వైర్లు కంట్రోల్ వెనక రేకుకు అతుకుతాయి. ఐరన్ బాగా వేడెక్కాక ఆనించి, సోల్డర్ పారగానే తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే లోపలి కార్బన్ పట్టీ పాడవుతుంది.

నాలుగు వైర్ల హంబకర్ దగ్గర జాగ్రత్త. డంకన్ పికప్‌లో సిగ్నల్ వైరు నలుపు, డిమార్జియోలో ఎరుపు. డంకన్‌లో ఎరుపు, తెలుపు కలపాలి, డిమార్జియోలో నలుపు, తెలుపు. ఒకరి పటం చూసి మరొకరి పికప్ కలిపితే శబ్దం తేడాగా వస్తుంది. రెండు పికప్‌లు విడివిడిగా బాగుండి, కలిపితే డొల్లగా వినిపిస్తే వాటి ఫేజులు ఎదురుబొదురుగా ఉన్నాయి, ఒకదాని సిగ్నల్, ఎర్త్ వైర్లు తారుమారు చేయాలి. తీగలు కట్టక ముందే ఆంప్‌కు తగిలించి, స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద మెల్లగా తట్టి చూస్తే ఏది పలుకుతోందో తెలిసిపోతుంది. చివరగా ఎత్తు సరిచూడండి. అయస్కాంతం మరీ దగ్గరైతే తీగను లాగి శ్రుతి చెడగొడుతుంది.

ఇంకొక్క మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్రిడ్జి కింద నుంచి వచ్చే సన్నటి వైరు తీగలను ఎర్త్‌కు కలుపుతుంది. రొద తగ్గడంలో దానికీ పాత్ర ఉంది. కానీ దాని ద్వారా మీ వేళ్లు ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే స్కాట్లాండ్ గిటారు కళాకారుడు గిటారు పట్టుకుని ఎర్త్ లేని మైకును తాకి, షాక్ కొట్టి వేదిక మీదే చనిపోయాడు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చి ఆంప్ వాడే అలవాటు మన ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. కొత్త పికప్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి.