పెరటి కొలను, ప్రహరీ గోడ

మలక్‌పేటలో పెరడు మిగిలిన ఇళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అపార్ట్‌మెంటుగా మారకుండా నిలిచిన అలాంటి ఇంటి వెనక, మా వీధిలోనే, ఈ మధ్య ఒక ఈతకొలను కట్టారు. సందు ఇరుకు కావడంతో జేసీబీ లోపలికి పోలేదు. పాలమూరు వైపు నుంచి వచ్చిన వడ్డెర కుటుంబాలు గడ్డపారలతో గుంత తవ్వాయి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు. అంటే 48,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే దాదాపు పది. నగరంలో ఒక కుటుంబానికి ప్రభుత్వం ఉచితంగా ఇస్తానన్న నీరు నెలకు 20,000 లీటర్లు.

దీని గురించి తరగతిలో మాట వచ్చినప్పుడు ఒక విద్యార్థి సూటిగానే అడిగాడు: సొంత స్థలం, సొంత డబ్బు, ఇందులో కులం ఎక్కడుంది సార్? ప్రశ్న న్యాయమైనదే. ఇంటివారి కులమేమిటన్నది నాకు ముఖ్యం కాదు. నన్ను ఆపింది అతడు వాడిన ‘సొంత’ అనే మాట. నీటి విషయంలో ఆ మాటకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది.

1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్‌లోని చవదార్ చెరువులో దిగి దోసిలితో నీరు తాగారు. ఆ చెరువును అంటరానివారికి తెరుస్తూ అంతకు మూడేళ్ల ముందే పురపాలక సంఘం తీర్మానించింది. అయినా సవర్ణులు 108 కుండల పంచగవ్యం పోసి నీటిని ‘శుద్ధి’ చేసుకున్నారు. ఇది అందరికీ తెలిసిన కథ. ఆ తర్వాత కోర్టులో వారు చేసిన వాదన గురించే తక్కువ మాట్లాడుకుంటాం. ఆ చెరువు సార్వజనికమే కాదని, అది సొంత ఆస్తి అని వాదించారు. అనాదిగా వస్తున్న ఆచారాన్ని ఆ వాదనకు తోడు చేశారు. 1937లో బొంబాయి హైకోర్టు దాన్ని తోసిపుచ్చేదాకా పదేళ్లు పట్టింది. అంటరానితనాన్ని నేరుగా సమర్థించుకోలేని చోట ఆస్తిహక్కు దాని వకీలుగా నిలబడడం అప్పటికే మొదలైంది.

తాగునీటి కంటే ఈత మరింత కఠినమైన పరీక్ష. ఒకే నీటిలో అనేక దేహాలు ఏకకాలంలో మునుగుతాయి. దాహం తీరడానికే దోసిలి పట్టి, పైనుంచి ఎవరో పోస్తే తాగవలసిన చోట ఒళ్లంతా ముంచే హక్కు ఎక్కడిది? నడుముకు ఎండు సొరకాయ కట్టుకుని మోటబావిలోకి దూకిన బాల్యాల గురించి మన సాహిత్యంలో ఎంతో మురిపెంగా రాసుకున్నారు. ఆ బావి ఎవరి చెలకలో ఉందో, గట్టు మీద నిలబడి చూసిన పిల్లలెవరో రాసినవారు తక్కువ. కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్లు కడగడాన్ని ప్రశ్నించినందుకు గొడవ మొదలైంది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురు దళితులను చంపారు. కలుషితం చేసింది ఎవరు, మైలపడ్డారన్న నింద మోసింది ఎవరు అన్నది తలచుకుంటే ఈ దేశంలో నీటి శాస్త్రమంతా తలకిందులుగా కనిపిస్తుంది.

ఈ చరిత్ర మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మిసిసిపి రాష్ట్ర రాజధాని జాక్సన్ నగరం, నల్లవారిని కూడా రానివ్వవలసి వస్తుందని తేలాక 1963లో తన ఈతకొలనులను మూసేసింది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో దాన్ని తప్పుపట్టలేదు. కొలను అందరికీ మూశారు గనుక వివక్ష లేదన్నది తర్కం. నగరాల ఉమ్మడి కొలనుల్లో నల్లవారికి చోటు దొరికే కాలానికి తెల్లవారు సభ్యత్వ క్లబ్బులకూ తమ పెరళ్లకూ తరలిపోయారని చరిత్రకారుడు జెఫ్ విల్ట్సీ 2007లో వచ్చిన తన గ్రంథంలో వివరంగా చూపించాడు. ఎవరినీ గెంటలేదు. గెంటవలసిన అవసరమే లేకుండా చేసుకున్నారు.

మన రాజ్యాంగం 15(2) అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరు పెట్టి మరీ చెప్పింది. కానీ అవి ప్రభుత్వ నిధులతో నడిచేవైనా, ప్రజలకు అంకితమైనవైనా కావాలి. పెరటి కొలను ఆ గీతకు అవతల ఉంది. ఇక ప్రహరీ సంగతి. కులం పేరుతో దూషణ అట్రాసిటీ చట్టం కింద నేరం కావాలంటే అది పదిమందికీ కనబడే చోట జరగాలి. ఇంటి ముందు పచ్చిక వీధిలోని వారికి గోడ అవతల నుంచి కనబడితే అదీ అలాంటి చోటేనని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. బయటివారెవరూ లేని నాలుగు గోడల మధ్య జరిగినది ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. కొలను చుట్టూ గోడ లేపేది ఏకాంతం కోసమే కావచ్చు. కానీ ఆ కొలను నాచు గీకే మనిషికి పడిన మాట నేరమా కాదా అన్నది కొంత ఆ గోడ ఎత్తు మీదే ఆధారపడుతుంది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇదే మలక్‌పేటకు మూసీ వైపు అంచున నీరు వేరే రకంగా ఇంట్లోకి వస్తుంది. 2020 అక్టోబరులో చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లోకి పిలవకుండానే వచ్చింది. 2024లో అధికారులు ఆ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. దళితులు, ముస్లింలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఉండే బస్తీలవి. కొన్ని కుటుంబాలను చంచల్‌గూడ పక్కన పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు మార్చారు. వరద తప్పింది, నిజమే. నది ఒడ్డు మీద వారి మాట కూడా దాంతోపాటే తప్పిపోయింది.

ఒక అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేను. ఊరి బావి గట్టు ఎక్కనివ్వని కుటుంబంలో పుట్టి, చదివి, ఉద్యోగం చేసి, తన బిడ్డ కోసం పెరట్లో కొలను కట్టుకునే దళితుడికి మీరు పొదుపు పాఠం చెబుతారా? చెప్పను. సుఖపడే హక్కు కొందరికే ఉందనడం కూడా కులమే. ఆ తండ్రికి పెరటి కొలను తప్ప మరో దారి ఎందుకు లేకుండా పోయిందన్నదే నా ప్రశ్న. బన్సీలాల్‌పేట మెట్లబావిని పూడిక తీసి 2022లో ఎంతో అందంగా పునరుద్ధరించారు. చూసి రావడానికి అది బాగుంది. ఈ నగరం ఉమ్మడి నీటిని చూడడానికి ఇస్తుంది; దిగడానికి సులువుగా ఇవ్వదు.

మూసీ తీరాన్ని తీర్చిదిద్దుతామంటున్నారు. నడకదారుల గురించి, కట్టడాల గురించి మాట్లాడుతున్నారు. పిల్లిగుడిసెలకు మారిన పిల్లలు దిగి ఈత నేర్చుకునే కొలను ఆ నమూనాల్లో ఎక్కడుంది, ప్రవేశ రుసుము ఎంత, గేటు దగ్గర అడిగే కార్డు ఏమిటి, దాన్ని శుభ్రం చేసేవారి పిల్లలకు సెలవు రోజున లోపలికి రావడానికి వీలుంటుందా? ప్రణాళిక కాగితం మీద ఉండగానే ఇవి అడగాలి. కాంక్రీటు పోశాక గోడ ఎత్తు మారదు.