వెన్నుపాము దెబ్బతినిన ఇంట బాంధవ్యములు

మోకు జారియో, మట్ట విరిగియో తాటిచెట్టుపైనుండి పడిన గీతకార్మికుని సంగతి తెలంగాణ పల్లెలకు క్రొత్త కాదు. గీతకార్మికుల రక్షణకై రాష్ట్ర ప్రభుత్వము 2024లో ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పరికరములను పంచ మొదలిడినది. పరిశ్రమలును, మేడలును వెలసిన దూలపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో పరంజాలపై పనియు, రహదారులపై వేగమును అట్టి ప్రమాదమునకే తావిచ్చుచున్నవి. విరిగిన ఎముకను గూర్చి వైద్యుడు చెప్పును. అటుపిమ్మట ఇంటిలోని బంధములు ఏమగునో మేమిచట ముచ్చటింపదలచితిమి.

వెన్నుపాము వెన్నెముక లోపల నుండు నరముల త్రాడు. మెదడు ఆజ్ఞలను అవయవములకును, స్పర్శను మెదడునకును చేరవేయునది అదియే. దెబ్బ నడుమున తగిలినచో కాళ్ళును, మెడయొద్ద తగిలినచో చేతులును గూడ చచ్చుబడవచ్చును. మలమూత్రములపై అదుపు తప్పవచ్చును. కాని ప్రేమ, రోషము, అభిమానము ఎప్పటివలెనే యుండును. ఇతరులు మరచునది ఈ సంగతినే.

కదలలేని మనిషిని పడకపై సుమారు రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెను. లేనిచో పుండ్లు పడును. పలువురకు నాలుగు నుండి ఆరు గంటలకొకమారు సన్నని గొట్టముతో మూత్రము తీయవలసి యుండును. ఇవన్నియు భార్యపైననే పడినచో కొలది నెలలలో ఆమె దాదియు, అతడు రోగియు నగుదురు. ఆలుమగల మాట వెనుకబడును. ప్రేమ తరిగి కాదు, తీరిక లేక దాంపత్యము ఎండిపోవును. కావున పనిని పంచుకొనవలెను. చేతులు బాగుగనున్నవాడు గొట్టము పెట్టుకొనుటను, అద్దము సాయమున చర్మమును పరీక్షించుకొనుటను నేర్చుకొనవచ్చును. అతడు నేర్చుకొనిన ప్రతి పనియు భార్యకు కొంత విశ్రాంతిని, తనకు కొంత మర్యాదను తెచ్చును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంతులు వేసికొనినచో ఆ ఇద్దరికి మాటలాడుకొను వేళ దొరకును.

దాంపత్య సుఖమును గూర్చి వైద్యుని అడుగుటకు మనవారు సిగ్గుపడుదురు. మౌనమే అనుమానములను పెంచును. గాయముచే ఆగిన స్త్రీ ఋతుక్రమము సాధారణముగ కొన్ని నెలలలో తిరిగి వచ్చును. వైద్యుల పర్యవేక్షణలో ఆమె తల్లి కాగలదు. పురుషునకును సంతానము విషయమున వైద్య సహాయము కలదు. సుఖమునకు స్పర్శలేని చోటు మూసినచో వేరొక చోటు తెరచుకొనవచ్చును. ఆలుమగలు దానిని కలిసి వెదకుకొనవలెను.

తండ్రి చక్రాల కుర్చీలో నున్నంత మాత్రమున బిడ్డల చదువు, పొలము, పెండ్లి విషయములలో అతని మాట అడుగుట మానరాదు. మిత్రులు మొదటి నెలలో పండ్లతో వచ్చి, పిదప ఏమి మాటలాడవలెనో తెలియక మానివేయుదురు. వారు ఓదార్పవలదు, మునుపటివలె పేకాటకో, ఊరి కబుర్లకో వచ్చిన చాలును. “అన్నా, కుర్చీ నెట్టమంటావా?” అని అడిగిన పిదపనే చేయి వేయవలెను. తమ ఇంటి గడపయొద్ద ఒక వాలుబల్ల వేసినచో, పోకయే కాక రాకయు సాగును.

చిత్తూరు సరిహద్దునకు చేరువనున్న వేలూరులో డాక్టరు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడిరి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పునరావాస సంస్థ 1966లో ఆమె కృషితోనే వెలసినది. ఆమె బాగు కోరిన తోటివారు ఆమెను రోగిగా విడువక, వైద్యురాలిగా పని అప్పగించిరి. బంధమును నిలుపునది అదియే.

వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశము 2007లో ఆమోదించినది. వివాహమునకును, కుటుంబమునకును వారికి గల హక్కును అది గుర్తించినది. చట్టము హక్కునీయగలదు, సాయంకాలపు పలకరింపును మాత్రము చుట్టములే ఈయవలెను.