మీకు తెలుసా? థార్ ఎడారికి అన్నం పెట్టేది మన జమ్మి చెట్టే

దసరా నాడు మనం పూజించి, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టే జమ్మి చెట్టునే రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు. అది తెలంగాణకూ రాజస్థాన్‌కూ కూడా రాష్ట్ర వృక్షం.

వేళ్లు నేలలోకి చాలా లోతుగా దిగడం వల్ల మండు వేసవిలోనూ పచ్చగా ఉంటుంది. లేత కాయలు సాంగ్రీ. వాటిని ఉడికించి, ఎండబెట్టి, ఏడాదంతా దాచుకుంటారు. కావలసినప్పుడు నానబెట్టి, కేర్ అనే ఎడారి పొద కాయలతో కలిపి నూనెలో ఎండుమిర్చి వేసి మగ్గిస్తారు. సజ్జ రొట్టెలోకి అంతకు మించిన కూర లేదు! ఆకులు మేకలకూ ఒంటెలకూ మేత. 1868-69 కరువులో జనం బెరడును కూడా పిండి చేసుకుని తిని ప్రాణాలు నిలుపుకున్నారు. ఈ చెట్టు నేలకు నత్రజనిని అందిస్తుంది కాబట్టి రైతులు పొలంలో దాన్ని కొట్టరు, దాని నీడలోనే సజ్జ వేస్తారు.

1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు కట్టెల కోసం ఈ చెట్లను నరకడానికి ఖేజర్లీ గ్రామానికి వచ్చినప్పుడు, ఆ ఊరి మహిళ అమృతాదేవి చెట్టును వాటేసుకుంది. చెట్లను కాపాడడం ధర్మంగా భావించే బిష్ణోయీ సమాజం వారు, ఆమెతో సహా 363 మంది, ప్రాణాలిచ్చారు. ఆ తర్వాతే బిష్ణోయీ గ్రామాల్లో చెట్లు నరకడాన్ని రాజు నిషేధించాడు.