చార్మినారు కాక ఇంకేమున్నాయి?

పట్నం చూడవచ్చిన చుట్టాలను వెంట తిప్పే భాగ్యం మన హాస్టలు విద్యార్థులందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, బిర్లా మందిరం. సాయంత్రానికి కాళ్ళనొప్పులు, ఖాళీ జేబు. మూడేళ్ళుగా నేనూ ఇదే వరుస తిప్పుతూ, హైదరాబాదు నాకు కొట్టినపిండి అనుకుంటూ వచ్చాను.

కిందటేడు మా బాపును ఉస్మానియా ఆస్పత్రికి తీసుకువచ్చాం. గుండెకు ఏదో తేడా ఉందని ఊళ్ళో డాక్టరు అనుమానపడ్డాడు. పరీక్షలు చేసి, రిపోర్టు మధ్యాహ్నం ఇస్తామన్నారు. అంతవరకూ ఆస్పత్రి తోటలో ఒక చింతచెట్టు కింద కూర్చున్నాం. ఇద్దరికీ భయమే గాని ఎవరమూ బయటపడలేదు. బాపు లేచి చెట్టు మొదలు తడిమి చూశాడు. “మస్తు పాతది బిడ్డా. ఆస్పత్రి కన్నా ముందటిది. ఏం చెట్టురా ఇది?” అన్నాడు. నాకు తెలియదన్నాను. “మూడేండ్ల సంది పట్నంల ఉంటున్నవు. చార్మినార్ తప్ప ఇంకేం చూసినవ్‌రా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నాకు తల కొట్టేసినట్టయింది.

పక్కనే బోర్డు ఉంది. చదివి వినిపించాను. తర్వాత లైబ్రరీలో మరికొంత వెదికాను.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు ఈ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. చనిపోయినవారు 15,000 దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తన తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నాడు. అసలు మూసీ వంటి చిన్న నదికి అంత నీరెక్కడిది? ఇక్కడే ఉంది కీలకం. నదికి ఎగువన 788 చెరువులుంటే, కుండపోత వానకు వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడడం, అదీ తెగి ఆ కింది దాని మీద పడడం. ఇది విన్నప్పుడు బాపు నాలాగా నోరు తెరవలేదు. కట్ట తెగడం ఆయన కళ్ళారా చూసినవాడు. “ఒక్క చెరువు తెగితేనే ఊరు ఆగది” అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సలహా ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేటకు మనం పిక్నిక్కులకు పోతాం. ఆ కట్ట ఎందుకు కట్టారో చెప్పే చెట్టు మాత్రం అఫ్జల్‌గంజ్‌లో ఆస్పత్రి గోడ లోపల ఉంది. రోగుల బంధువులు దాని కింద టిఫిను డబ్బాలు విప్పుకుంటారు. అదీ మంచిదే లెండి. చెట్టుకు అంతకన్న మర్యాద ఏం కావాలి?

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. మందులు వాడితే సరిపోతుందన్నారు. బాపును బస్సెక్కించాను గాని, ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అప్పటినుంచి సిటీ బస్సులో కండక్టరు అరిచే పేర్లు చెవినపెట్టడం మొదలుపెట్టాను. గన్‌ఫౌండ్రీ అంటే ఫిరంగులు పోతపోసే చోటు. పాతవాళ్ళు తోప్ కా సాంచా అంటారు. దాన్ని పెట్టించినవాడు రెండవ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్. మరి మూసారాంబాగ్? అక్కడే తమాషా ఉంది. రేమండ్‌గారి పేరు మనవాళ్ళ నోళ్ళలో నలిగింది. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఆ మూసా రాం పేరు మీదిదే మూసారాంబాగ్. ఒకే మనిషికి పట్నంలో రెండు బస్సుస్టాపులు! ఇప్పుడు మెట్రో స్టేషను కూడాను.

ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ దగ్గర ఒక గుట్ట మీద ఉంది. అడుగుతూ పోవాలి. “ఫ్రెంచి దొర సమాధి” అంటే ఒకరికీ తెలియలేదు. “గుట్ట మీది స్తంభం” అంటే పిల్లలే తీసుకుపోయారు. సుమారు 23 అడుగుల నల్లరాతి స్తంభం, పక్కనే స్తంభాల మంటపం. ఆ మంటపం 2001 వానల్లో కూలిపోతే తిరిగి నిలబెట్టారు. రేమండ్ చనిపోయింది 1798 మార్చి 25న. పరాయి దేశస్థుడే అయినా, ఎన్నో ఏళ్ళు జనం ఆ రోజున గుట్ట ఎక్కి దీపాలు పెట్టి పోయేవారట. నేను పోయిన రోజున మాత్రం పతంగులు ఎగరేసే పిల్లలు తప్ప ఎవరూ లేరు.

రేమండ్ పోయిన ఏడాదే, అక్టోబరులో, ఆయన తయారుచేసిన ఫ్రెంచి పటాలాన్ని ఇంగ్లీషువాళ్ళు నిరాయుధం చేశారు. ఆ పని జరిపించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్. ఈయన కట్టించిన భవనమే కోఠీలోని రెసిడెన్సీ. 1949 నుంచి అందులో మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. ముందుగా అనుమతి అడగాలి. మగపిల్లలైతే రెండుసార్లు అడగాలి! మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు చూసి అందరూ వెనక్కి తిరుగుతారు. వెనుకవైపు తోటలో ఆ భవనానికి చిన్న నమూనా ఒకటుంది, దాన్ని వదలకండి. కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా పరదా స్త్రీ. భవనం ముందువైపు ఆమె చూడలేదు గనుక, ఎట్లా ఉంటుందో చూపడానికి ఈ బొమ్మభవనం కట్టించాడని చెబుతారు. ఆయన 1805లోనే, 41వ ఏట, కలకత్తాలో కన్నుమూశాడు.

ఇక మన ఇంటిపక్క సంగతి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఎన్ని గంటలు గడిపామో లెక్కలేదు. ఈ అడిక్‌మెట్ నేలలు ఒకప్పుడు మహ్ లఖా బాయి జాగీరు. చందా అనే పేరుతో గజళ్ళు రాసిన కవయిత్రి, నాట్యకత్తె. నిజాం దర్బారులో ఆమె మాటకు విలువ ఉండేది, యుద్ధయాత్రలకు కూడా వెంట వెళ్ళేది. ఆమె కవితల దీవాను కూర్పయింది రేమండ్ పోయిన ఆ 1798లోనే. ఉర్దూలో ఒక స్త్రీ దీవాను వెలువడడం అదే మొదలని చెబుతారు. ఆమె పేరుతో ఒక మెట్లబావి మన క్యాంపస్ పరిసరాల్లోనే ఉంది. మన బ్యాచిలో దాన్ని చూసినవాళ్ళు ఎందరో చేతులెత్తమంటే నాకు సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆరు నెలల కిందట నా చెయ్యీ లేచేది కాదు.

తార్నాక నుంచి మౌలాలీ ఎంతో దూరం లేదు. గుట్ట కింద, తల్లి కోసం తాను కట్టించిన తోటలోనే, తల్లి పక్కనే మహ్ లఖా బాయి సమాధి ఉంది. 1824లో మరణించింది. మధ్యలో పాడుపడిన ఆ తోటను 2010 ప్రాంతంలో బాగుచేశారు. పొద్దున్నే పోతే మంచిది. ఎండ ముదిరాక రాయి కాలుతుంది.

బాపు మొన్న ఫోను చేశాడు. మందులు సక్రమంగా వేసుకుంటున్నాడట. దసరా తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి రావాలి. ఈ విశేషాలన్నీ ఉత్సాహంగా చెప్పాను. అంతా విని, “అవన్నీ తర్వాత చూద్దాం గాని, ఆ చింతచెట్టు కాసిందా?” అన్నాడు. చూసి చెబుతానన్నాను.