దినోత్సవాలూ, తద్దినాలూ

సంవత్సరానికి మూడువందల అరవై అయిదు రోజులే ఉండడం సృష్టికర్త చేసిన పొరపాటని కేంద్ర సచివాలయంలోని పెద్దలు భావిస్తున్నట్లయితే నేను ఆశ్చర్యపడను. రోజులు తక్కువ, దినోత్సవాలు ఎక్కువ. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ దినాలే రెండువందలు దాటాయి. వాటికి తోడు భారత ప్రభుత్వం ప్రకటించినవి కొన్ని, శాఖలు తమలో తాము జరుపుకొనేవి మరికొన్ని. ఢిల్లీలో విలేఖరిగా ఉన్నవాడు ఉదయం లేచి పంచాంగం చూడనక్కరలేదు. బల్లమీది ఆహ్వానపత్రికలు చూస్తే ఆనాటి తిథి తెలుస్తుంది.

ఈ సంతానాభివృద్ధికి కారణం సులభమే. సర్వప్రతినిధి సభలో ఏ సభ్యదేశమైనా ఒక దినం కోరుతూ తీర్మానం పెట్టవచ్చు. కాదన్నవాడు అల్పుడనిపించుకుంటాడు. బంగాళాదుంపకు వ్యతిరేకంగా చేయి ఎత్తగల ధీరుడెవరు? అందువల్లనే 2023 డిసెంబరులో మే 30ని బంగాళాదుంప దినంగా నిర్ణయించారు. పప్పుధాన్యాలకు ఫిబ్రవరి 10, ట్యూనా చేపకు మే 2, తేయాకుకు మే 21 అంతకు మునుపే దక్కాయి. నవంబరు 19 మరుగుదొడ్డిది, 21 టెలివిజన్‌ది. ఈ వరుసలో ఔచిత్యం ఉన్నదో లేదో చదువరులే నిర్ణయించుకోవాలి.

మనమూ వెనుకబడలేదు. 2014లో యోగా దినానికి మనం పెట్టిన తీర్మానానికి 177 దేశాలు సహప్రతిపాదకులుగా నిలిచాయి. ఇక స్వదేశంలో దినాలు పెరిగి పెద్దవవుతున్నాయి. రహదారి భద్రతకు వారం చాలక 2021లో దానిని మాసం చేశారు. పోషకాహార వారోత్సవానికి 2018లో పోషణ మాసం తోడైంది. ఆయా రోజులలో మంత్రుల చిత్రాలతో పత్రికలకు నిండు పేజీల ప్రకటనలు వస్తాయి. కాబట్టి ఈ విషయంలో పత్రికలవారు మరీ గట్టిగా మాట్లాడటం మర్యాద కాదు.

ఒక్క రోజుకు పలువురు హక్కుదారులు ఏర్పడినప్పుడే చిక్కు. మార్చి 21నే తీసుకోండి. 1960లో ఆ రోజున దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపి 69 మంది నల్లజాతివారిని చంపారు. ఆ స్మృతితో 1966లో దానిని జాతివివక్ష నిర్మూలన దినంగా ప్రకటించారు. తరువాత అదే రోజున కవిత్వం వచ్చి చేరింది. నౌరోజు వచ్చింది, అడవులు వచ్చాయి. 2025 నుంచి హిమానీనదాలు కూడ వచ్చాయి. కవిత్వం మీద నాకు పగలేదు. కాని ఇంతమంది అతిథుల మధ్య ఇంటి యజమాని ఏ మూల కూర్చున్నాడో వెదుక్కోవలసి వస్తున్నది.

జులై మొదటి రోజులలో పనిమీద ఛత్తీస్‌గఢ్ వెళ్ళి భిలాయి-3లో దిగాను. పేరు చివరి అంకెను చూసి ఇది ఉక్కు కర్మాగారపు మూడవ విభాగమనుకోరాదు. హౌరా-బొంబాయి రైలు మార్గం మీద, చరోదా పక్కనున్న ఊరు ఇది. చరోదాలో పెద్ద మార్షలింగ్ యార్డు ఉన్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి కర్మాగార నిర్మాణం మొదలైన నాటినుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో ఈ చుట్టుపట్ల స్థిరపడినాయి. వీధిలో తెలుగు వినిపించని పూట లేదు.

అక్కడ ఒక వృద్ధునితో పరిచయమైంది. చిన్ననాడే తండ్రి వెంట శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నేను ఢిల్లీవాడినని విని ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇది: “ఏటి బాబూ, ఢిల్లీలో రోజుకో దినం పెడతన్నారట గదా, ఎవులు పోనారేటి?”

నవ్వాను గాని, ఆలోచించినకొద్దీ ఆ ప్రశ్న తేలికైనది కాదనిపించింది. తెలుగువాడికి దినమంటే పోయినవారికి పెట్టేది. ఏటేటా మనసు లేకుండా జరిపే తంతును తద్దినమంటాం. “మీకు దినాలు లేవా, తాతగారూ?” అన్నాను. “లేకేటి, బోలెడు,” అని ఆయన చెప్పుకొచ్చారు. నేను చేతిలోని ప్రభుత్వ జాబితాతో సరిచూసుకుంటూ పోయాను.

2014 జూన్ 12. ఉక్కు కర్మాగారపు పంపుహౌసు వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. నా జాబితాలో అది బాలకార్మిక వ్యవస్థ వ్యతిరేక దినం. 2018 అక్టోబరు 9. కోక్ ఓవెన్ల దగ్గర గ్యాసు గొట్టం మీద మరమ్మతు జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా పోయారు. జాబితాలో అది ప్రపంచ తపాలా దినం. భద్రతకు దినం లేదని కాదు. జాతీయ భద్రతా మండలి పుట్టిన మార్చి 4ను 1972 నుంచి జాతీయ భద్రతా దినంగా పాటిస్తున్నారు. కార్మికులు వరుసగా నిలబడి చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. అయితే ప్రతిజ్ఞ చేసేది మనిషి. గ్యాసు గొట్టం చేత ప్రతిజ్ఞ చేయించే పద్ధతి ఇంకా కనిపెట్టలేదు. దానికి కావలసింది వేళకు మరమ్మతు, పరీక్ష, బాధ్యత వహించే ఒక సంతకం.

ఆగస్టు 20 కథ మరీ విచిత్రం. 1897లో ఆ రోజున మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అందుకే అది ప్రపంచ దోమల దినం. రాజీవ్ గాంధీ జయంతి గనుక సద్భావనా దినం కూడ అదే. దోమకూ సద్భావనకూ ఒకే ముహూర్తం కుదిరింది. డెంగీకి మన ప్రభుత్వం మే 16ను వేరుగా కేటాయించింది. 2018లో ఆ దినం గడిచి మూడు మాసాలు కాకముందే, ఆగస్టులో, డెంగీ భిలాయిని పట్టుకొన్నది. తెలుగువారు దట్టంగా నివసించే ఖుర్సీపార్‌లో పసిపిల్లలున్న ఇళ్ళు తల్లడిల్లాయి. దోమకు కావలసినంత అవగాహన ఉన్నది. నిలవ నీరు ఎక్కడ దొరుకుతుందో దానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఉక్కుకు దినమున్నదా అని కూడ వెదికాను. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను స్టీల్‌పాన్ దినంగా ప్రకటించినట్లు కనిపించింది. అది ట్రినిడాడ్‌లో నూనె పీపాలతో చేసే వాద్యం. భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన ఫిబ్రవరి 4, 1959 నాటి తేదీ ఇప్పుడు లోకానికి కాన్సర్ దినంగానే తెలుసు.

తాతగారు చివరికి దాచుకొని చెప్పినది జులై 1. ఆ తేదీ నా జాబితాలో కిక్కిరిసి ఉన్నది: వైద్యుల దినం, చార్టర్డ్ అకౌంటెంట్ల దినం, 2018 నుంచి జి.ఎస్.టి. దినం. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున కార్మికనాయకుడు శంకర్ గుహా నియోగిని భిలాయిలో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆ తేదీని తరువాతి కాలంలో ఐక్యరాజ్యసమితి సమాచార హక్కుకు కేటాయించింది. నియోగి మరణించిన తొమ్మిది మాసాలకు, 1992 జులై 1న, తొలగించిన కార్మికులను తిరిగి తీసుకోవాలని కోరుతూ ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా కార్మికులు భార్యాబిడ్డలతో సహా పవర్‌హౌస్ స్టేషన్ వద్ద రైలు పట్టాలపై కూర్చున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా కార్మికులు మరణించారు.

ఆ రోజుకు తీర్మానం లేదు, మంత్రిత్వశాఖ లేదు, నినాదం ముద్రించిన టోపీలు లేవు. అయినా ఏటా జులై 1న జనం అక్కడికి వస్తున్నారు. ఎవరు పిలుస్తారని అడిగితే తాతగారు నన్ను వింతగా చూశారు. “తండ్రి తద్దినానికి కొడుకుని పిలవాలా బాబూ?” అన్నారు. వచ్చేవారిలో చాలామంది దినకూలీలనీ, సెలవు లేనందున ఆ రోజు కూలి పోగొట్టుకొని వస్తారనీ, తన పక్కింటివాడు ఈసారి కూడ ఆ కూలి వదులుకొని వెళ్ళి వచ్చాడనీ చెప్పారు.