కార్డు ఇచ్చే కానుకలు... ఒక్కసారి లెక్క చూసుకుందాం!

పాత చీరలకి స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు మన వీధుల్లోకి వచ్చేవారు, గుర్తుందా? గిన్నె తళతళ చూసి మురిసిపోకుండా, చేత్తో పట్టుకుని బరువు చూసి, వేలితో వాయించి, "ఈ పల్చటి గిన్నెకి జరీ అంచు చీర కూడానా?" అని బేరమాడి మరీ తీసుకునేవాళ్ళం. అంత తెలివైన మనం, బ్యాంకు తరపున ఎవరో ఫోను చేసి "మేడమ్, మీ వ్యాపారానికి క్రెడిట్ కార్డు... బోలెడు రివార్డు పాయింట్లు... మొదటి ఏడాది ఫీజు లేదు" అనగానే మాత్రం సరేనంటున్నాం. గిన్నె బరువు చూసినట్టే కార్డు బరువు కూడా చూడొద్దూ?

ఇంట్లోంచే పచ్చళ్ళు, పొడులు అమ్మేవారు, బ్లౌజులు కుట్టేవారు, మగ్గం వర్కు చేసేవారు, చీరలు తెచ్చి అమ్మేవారు మనలో ఎంతోమంది ఉన్నారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వారికోసమే.

క్రెడిట్ కార్డు మన తెలుగువారికి కొత్తేమీ కాదు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందనుకోండి.) అప్పట్లో కార్డు పెద్ద ఉద్యోగులది, పెద్ద వ్యాపారులది. ఇప్పుడది మన వంటింటి గుమ్మం దాకా వచ్చింది. అంతే తేడా.

పాయింటు అంటే ఎంత?

ముందుగా తెలుసుకోవలసింది ఇదే. "నెలకి 400 పాయింట్లు" అంటే 400 రూపాయలు అనుకునేరు! చాలా కార్డుల్లో ఒక పాయింటు విలువ పావలా దగ్గరే ఉంటుంది. అంటే 400 పాయింట్లకి వచ్చేది 100 రూపాయలు. అదీ కొన్ని కార్డుల్లో డబ్బుగా ఇవ్వరు. వాళ్ళ జాబితాలో ఉన్న వస్తువో, వోచరో తీసుకోవాలి. పాయింట్లు మార్చుకోవడానికి వేరే ఫీజు వేసేవి ఉన్నాయి. గడువు దాటితే పాయింట్లు రద్దయ్యేవీ ఉన్నాయి.

క్యాష్‌బ్యాక్ కార్డు అయితే లెక్క సులువు. ఒక శాతం అంటే నూటికి రూపాయి, బిల్లులో తగ్గుతుంది. కానీ "నెలకి ఇంతకు మించి ఇవ్వం" అని ఒక హద్దు పెడతారు. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

రెండు కార్డులు - ఒక లెక్క

ఉదాహరణకి రెండు కార్డులు అనుకుందాం. మొదటిదానికి ఏడాది ఫీజు లేదు. వంద రూపాయలకి 2 పాయింట్లు, పాయింటు పావలా. రెండోదానికి ఏడాదికి 999 రూపాయల ఫీజు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే సుమారు 1,179. ఇది ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తుంది.

మీరు కార్డు మీద నెలకి 10,000 ఖర్చు పెడితే, ఏడాదికి మొదటి కార్డు 600 ఇస్తుంది. రెండోది 1,200 ఇచ్చి, ఫీజు పట్టుకుంటుంది. మీకు మిగిలేది 21 రూపాయలు!

నెలకి 20,000 అయితే మొదటిది 1,200, రెండోది 1,221. రెండూ ఒకటే.

నెలకి 40,000 అయితే మొదటిది 2,400, రెండోది 3,621. ఇప్పుడు ఫీజు ఉన్నదే మేలు.

చూశారా! ఏ కార్డు మంచిదన్నది కార్డులో లేదు, మీ ఖర్చులో ఉంది. పక్కింటి వదినగారికి కలిసొచ్చింది కదా అని మనమూ అదే తీసుకోనక్కరలేదు. "ఏడాదికి ఇంత ఖర్చు పెడితే ఫీజు మాఫీ" అని కూడా అంటారు. మామూలు ఖర్చుతోనే ఆ మొత్తం దాటితే సరే. ఫీజు తప్పించుకోవడం కోసం అక్కరలేని సరుకు కొంటే మాత్రం గోరంత లాభానికి కొండంత ఖర్చు.

మన ఖర్చు ఎటు పోతోంది?

కార్డు అడిగే ముందు మూడు నెలల పద్దు పుస్తకం ముందేసుకోండి. మా తోటికోడలూ నేనూ కలిసి ఆవకాయ పెట్టి అమ్ముతాం. మా పుస్తకం తీస్తే ఏం తేలిందో తెలుసా? మామిడికాయలు మార్కెట్లో నగదుకే. ముక్కలు కొట్టినవాళ్ళకి నగదే. కారం పట్టించిన మిల్లులోనూ నగదే. కార్డు పనికొచ్చేది నూనె, సీసాలు, పార్సిలు ఖర్చుల దగ్గర మాత్రమే. అంటే మొత్తం ఖర్చులో సగం కూడా కార్డు మీదకి రాదు. ఆ సగానికే పాయింట్లు లెక్కేసుకోవాలి.

వ్యాపారుల కార్డులతో విమానాశ్రయంలో లాంజి, హోటళ్ళలో రాయితీ వంటివి కూడా ఇస్తామంటారు. రైతుబజారుకి ఆటోలో వెళ్ళే మనకి లాంజి ఎందుకు చెప్పండి? వాటికీ కలిపే కదా ఫీజు తీసుకునేది! స్కూటీ మీద సరుకు తిప్పేవారికి పెట్రోలు సర్‌ఛార్జి మాఫీ, ఆన్‌లైన్‌లో సామాను తెప్పించేవారికి అక్కడి క్యాష్‌బ్యాక్ ఉపయోగం.

ఇంకో సంగతి. కొన్ని దుకాణాల్లో కార్డు ఇస్తే "రెండు శాతం ఎక్కువవుతుందమ్మా" అంటారు. మనకొచ్చేది ఒక శాతం, పోయేది రెండు శాతం. అలాంటిచోట నగదే నయం. టోకు వ్యాపారి నగదుకి ధర తగ్గిస్తానన్నా అంతే.

2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని ఫోనులోని యు.పి.ఐ.కి కలుపుకునే వీలు వచ్చింది. కార్డు గీకే మిషను లేని చిన్న కొట్లో కూడా స్కాన్ చేసి కట్టొచ్చు. అయితే అది దుకాణదారుడి ఖాతా అయి ఉండాలి. మామూలు మనిషి ఫోను నంబరుకి క్రెడిట్ కార్డు నుంచి పంపడం కుదరదు.

అసలు లాభం పాయింట్లలో లేదు

మనలాంటివారికి కార్డు ఇచ్చే అసలు లాభం గడువు. బిల్లు తేదీ ప్రతినెలా 5 అనుకోండి, కట్టవలసిన తేదీ 25. ఏప్రిల్ 6న నూనె డబ్బాలు కొంటే అది మే 5 బిల్లులో వస్తుంది. మే 25న కట్టొచ్చు. 49 రోజులు వడ్డీ లేని అప్పు! అదే ఏప్రిల్ 4న కొంటే ఏప్రిల్ 25కే కట్టాలి, 21 రోజులే. రెండు రోజులు ఆగి కొన్నందుకు నెల రోజుల గడువు కలిసొచ్చింది. ఆ లోపల పచ్చడి ఊరుతుంది, అమ్ముడవుతుంది, డబ్బు చేతికొస్తుంది. ఈ సదుపాయం ముందు పాయింట్లు ఏపాటివి?

అంతేకాదు, వ్యాపారం ఖర్చు అంతా ఒకే కార్డు మీద ఉంటే ఇంటి ఖర్చుతో కలగాపులగం కాదు. ఏడాది చివర ఎంత మిగిలిందో స్టేట్‌మెంటే చెబుతుంది.

నేను చేసిన పొరపాటు

అయితే ఈ లాభాలన్నీ ఒక్క షరతు మీదే. గడువు తేదీకి బిల్లు మొత్తం కట్టెయ్యాలి. ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

2023 వేసవిలో ఆర్డర్లు బాగా వచ్చాయని 30,000 దాకా కార్డు మీద సరుకు కొన్నాం. తీసుకున్నవాళ్ళు డబ్బు ఇవ్వడం ఆలస్యమైంది. బిల్లులో "మినిమమ్ డ్యూ 1,500" అని ఉంటే, "ఫరవాలేదే, ఇంతే కదా!" అని అది కట్టి నిశ్చింతగా కూర్చున్నాను. మర్నెల బిల్లు చూస్తే కళ్ళు తిరిగాయి. వడ్డీ, దాని మీద జి.ఎస్.టి. కలిపి 1,400 పైచిలుకు! కట్టిన 1,500 దాదాపు వడ్డీకే చెల్లు. ఏడాదంతా కూడబెట్టిన పాయింట్లకి నాకొచ్చింది 500 రూపాయల వోచరు. మావారికి చెప్పడానికి మొహం చెల్లలేదు. గాజులు తాకట్టు పెడదామా అనుకున్నాను కూడా. చివరికి మా తోటికోడలు తన చీటీ డబ్బు ఇచ్చి గట్టెక్కించింది.

తరవాత కూర్చుని లెక్క చూసుకున్నాను. చాలా కార్డుల్లో వడ్డీ నెలకి మూడున్నర శాతం, ఆ పైన కూడా. వినడానికి చిన్నదే, కానీ ఏడాదికి 42 శాతం! దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 20,000 బాకీకి ఒక నెల వడ్డీ 700, పన్ను 126, మొత్తం 826. ఇందాకటి లెక్కలో ఏడాదంతా వచ్చిన లాభం 1,200. రెండు నెలలు బాకీ పెడితే అదంతా పోయి, ఎదురు కట్టాలి. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ. కార్డుతో ఎ.టి.ఎం.లో నగదు తీస్తే ఫీజు వేరే, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. అది మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఎక్కువ రోజులకి డబ్బు కావాలంటే

రెండు నెలల్లో తిరిగి రాని డబ్బుకి క్రెడిట్ కార్డు తగదు. కుట్టు మిషను, గ్రైండరు కొనాలంటే బ్యాంకు అప్పు, డ్వాక్రా సంఘం అప్పు చూడండి. 2015లో మొదలైన ముద్రా పథకంలో 50,000 వరకు ఇచ్చే "శిశు" రుణానికి తాకట్టు అక్కరలేదు. పెట్టుబడి కోసం ఇచ్చే ముద్రా కార్డు ఉంటే, వాడుకున్న మేరకే వడ్డీ. 2025 బడ్జెట్లో ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న వ్యాపారాలకి 5 లక్షల పరిమితితో క్రెడిట్ కార్డులు ప్రకటించారు. వీధి వ్యాపారులకి స్వనిధి పథకంలో, రెండో విడత అప్పు తీర్చినవారికి రూపే క్రెడిట్ కార్డు ఇవ్వాలని 2025 ఆగస్టులో కేంద్రం నిర్ణయించింది. ఉద్యమ్ నమోదుకి రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఆదాయం కాగితాలు లేని గృహిణులు తమ పేర ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకోవచ్చు. డిపాజిట్‌కి వడ్డీ వస్తూనే ఉంటుంది.

తీసుకునే ముందు అడగండి

* మొదటి ఏడాది సరే, రెండో ఏడాది నుంచి ఫీజు ఎంత?
* పాయింటు విలువ ఎన్ని పైసలు? ఎన్నాళ్ళలో వాడుకోవాలి?
* వేటికి పాయింట్లు రావు? (కరెంటు బిల్లు, పెట్రోలు, యు.పి.ఐ. గురించి ప్రత్యేకంగా అడగండి.)
* వడ్డీ నెలకి ఎంత? ఏడాదికి ఎంత?
* బిల్లు తేదీ ఎప్పుడు? మార్చుకోవచ్చా?

2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం మనం అడగకుండా కార్డు అంటగట్టకూడదు. బాకీ లేని కార్డు రద్దు చేయమంటే 7 పనిదినాల్లో చేయాలి. లేదంటే ఆలస్యమైన రోజుకి 500 రూపాయల చొప్పున వాళ్ళే మనకి ఇవ్వాలి. మొహమాటపడకండి! ఇక ఓ.టి.పి. మాత్రం బ్యాంకు నుంచి అన్నా సరే ఎవరికీ చెప్పొద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

ఇప్పుడు మా ఇంట్లో ఫీజు లేని కార్డు ఒక్కటే ఉంది. కార్డు మీద ఎంత కొంటే అంత డబ్బు ఆ రోజే పోపుల డబ్బా పక్కన ఉన్న వేరే డబ్బాలో వేసేస్తాను. గడువు తేదీకి రెండు రోజుల ముందు మొత్తం కట్టేస్తాను. పాయింట్లు వస్తే సంతోషం, రాకపోతే బాధ లేదు. మీరూ ఈసారి కార్డు కోసం ఫోను వస్తే వెంటనే సరేననకండి. ముందు మీ పద్దు పుస్తకం తీసి, గిన్నె వాయించి చూసినట్టు ఆ కార్డుని ఒక్కసారి వాయించి చూడండి!